గ్రేడ్ 3 అంటే మూడో స్టేజి కాదు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది సింగరాయకొండ దగ్గర ఒక పల్లె. నాన్న పొగాకు రైతు. అమ్మకు 47 ఏళ్లు. ఎడమ రొమ్ములో గడ్డ తగులుతోందని చెబితే ఒంగోలు తీసుకెళ్లాం. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టులో ‘ఇన్వేసివ్ డక్టల్ కార్సినోమా, గ్రేడ్ 3, కేఐ-67 40 శాతం’ అని వచ్చింది. మూడో స్టేజి అంట, ఇంక లాభం లేదంట అని ఇంట్లో ఒకటే ఏడుపు. కణాలు చాలా వేగంగా విభజన చెందుతున్నాయి, ముందు కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేస్తామని డాక్టర్ చెప్పారు. అమ్మేమో ‘నెత్తిన వెంట్రుక లేకుండా ఊళ్లో ఎట్ట తిరిగేది, నాకొద్దు’ అంటోంది. సూది గుచ్చబట్టే జబ్బు రేగిందని మా పెద్దమ్మ అంటోంది. అమ్మ చిన్నప్పటినుంచీ పొగాకు ఆకు ఏరే గ్రేడింగ్ షెడ్డుకు పనికి పోయింది కాబట్టి పొగాకు ఘాటుకే వచ్చిందని ఇంకొకరు. వేలం డబ్బులు చేతికొచ్చాక మద్రాసు పోదామని నాన్న. ఈలోపు ఆకు పసరు పోయిద్దామని తమ్ముడు. నేను బీకాం చదివాను, సైన్సు టెన్త్‌తోనే వదిలేశాను. అసలు కణాలు ఎందుకు అలా విభజన చెందుతాయి? వాటిని చంపే మందు మంచి కణాలను కూడా ఎందుకు చంపుతుంది? అమ్మకు ఏం చెప్పి ఒప్పించాలి?
– ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ ఏడుపు ఆపించండి. గ్రేడ్ వేరు, స్టేజి వేరు. జబ్బు ఎంత దూరం పాకిందో చెప్పేది స్టేజి. గడ్డ ఎన్ని సెంటీమీటర్లుంది, చంకలో గ్రంథులకు చేరిందా, కాలేయం, ఊపిరితిత్తులు, ఎముకల్లో ఎక్కడైనా కనబడుతోందా అని స్కానింగులు చేసి అది తేలుస్తారు. గ్రేడ్ ఆ ముక్కలో ఉన్న కణాల తీరును చెబుతుంది. గ్రేడ్ 3 ఉండి మొదటి స్టేజిలోనే ఉన్నవాళ్లు ఉంటారు, గ్రేడ్ 1 ఉండి ఆలస్యంగా వచ్చినవాళ్లూ ఉంటారు. ఇన్వేసివ్ డక్టల్ కార్సినోమా అంటే పాలనాళాల్లో మొదలై చుట్టుపక్కలకు చొచ్చుకుపోయిన రొమ్ము క్యాన్సర్. మీరు పంపిన రిపోర్టులో స్టేజి అన్న మాటే లేదు. మీ ఇంట్లోవాళ్లు ఏడుస్తున్నది రిపోర్టులో లేని మాటకు.

ఇలాంటి ముక్కల్ని సూక్ష్మదర్శినిలో చూసి రిపోర్టు రాయడమే నా వృత్తి కాబట్టి, మీ అమ్మగారి ముక్కలో ఆ డాక్టర్ ఏం చూసి ఉంటారో చెప్పగలను. పల్చగా కోసి రంగులద్దిన స్లైడులో కణాల లోపలి కేంద్రకాలు ఊదారంగులో, చుట్టూ ఉన్న పదార్థం గులాబీరంగులో కనబడతాయి. మామూలు రొమ్ములో పాలనాళాల గోడ వెంట కణాలు ఒకే సైజులో, పద్ధతిగా అమరి ఉంటాయి. విభజనలో ఉన్న కణం కోసం చాలాసేపు వెతుక్కోవాలి. గ్రేడ్ 3 ముక్కలో ఆ నాళాల అమరిక చెదిరిపోతుంది. కేంద్రకాలు ఒకటి పెద్ద, ఒకటి చిన్న, వంకరటింకర. చీలిపోతున్న కణాలు చూసిన చోటల్లా ఎదురవుతాయి. కొన్నింట్లో క్రోమోజోములు నల్లటి గీతలా మధ్యలో వరుసకట్టి ఉంటాయి, కొన్నింట్లో ఆ గీత రెండుగా విడి రెండు పక్కలకు జరుగుతుంటుంది. అమరికకు, కేంద్రకాల తీరుకు, చీలే కణాల లెక్కకు తలా ఒకటి నుంచి మూడు మార్కులు వేస్తాం. మొత్తం 8 గానీ 9 గానీ వస్తే గ్రేడ్ 3. ఇక కేఐ-67 అనేది విభజన పనిలో ఉన్న కణాల్లో మాత్రమే కనిపించే ఒక ప్రోటీను. దానికి గోధుమరంగు పట్టేలా చేస్తాం. వంద క్యాన్సర్ కణాలను లెక్కపెడితే 40 ఆ రంగులో కనబడ్డాయి, అదే మీ రిపోర్టులోని 40 శాతం. మిగతా 60 కణాలు ఆ సమయానికి విభజన పనిలో లేవన్నమాట. ఈ 60 సంగతి గుర్తుపెట్టుకోండి, కీమో దగ్గర మళ్లీ పని పడుతుంది.

అసలు విభజన ఎందుకు అంటే, అది లేకపోతే మీరూ లేరు, నేనూ లేను. ప్రతి మనిషీ ఒకే ఒక్క కణంగా మొదలయ్యాడు. అది రెండై, రెండు నాలుగై, పెద్దయ్యేసరికి సుమారు 30 లక్షల కోట్ల కణాలవుతాయి. ఎదుగుదల ఆగాక కూడా ఈ పని ఆగదు. ఎర్ర రక్తకణం ఆయుష్షు 120 రోజులే కాబట్టి ఎముకల్లోని మూలుగ సెకనుకు 20 లక్షల చొప్పున కొత్తవి తయారు చేస్తూనే ఉంటుంది. పేగు లోపలి పొర నాలుగైదు రోజులకొకసారి కొత్తదవుతుంది. గుండె కండరం, మెదడులోని నాడీకణాలు మాత్రం పెద్దయ్యాక దాదాపు విభజన మానేస్తాయి.

కణం ఒక్కసారిగా రెండుగా పగిలిపోదు. ముందు అది పెరగాలి. ప్రోటీన్లు, కొవ్వులు, లోపలి సరంజామా అంతా ఇద్దరికి సరిపడా సమకూర్చుకోవాలి. ఆ తర్వాత కేంద్రకంలో ఉన్న డీఎన్ఏకు, అంటే కణం చేయాల్సిన పనులన్నీ రాసి ఉన్న పోగు మొత్తానికి, నకలు తీయాలి. ఒక్కో కణంలో 46 క్రోమోజోములు, వాటిలో 600 కోట్లకు పైగా అక్షరాల జతలు. సాగదీస్తే దాదాపు రెండు మీటర్ల పొడవుండే ఆ పోగుకు నకలు తీయడానికి ఎనిమిది గంటల దాకా పడుతుంది. నకలయ్యాక తప్పులుంటే దిద్దుకోవడానికి కొంత సమయం. ఆఖరున చీలిక. ప్రయోగశాలలో పెంచే మనిషి కణాల్లో ఈ మొత్తం చక్రానికి ఒక రోజు పడితే, చీలికకు పట్టేది గంట మాత్రమే. ఆ గంటలో కణం రెండు కొసల నుంచి కండె పోగులు అనే సన్నటి దారాలు వచ్చి ప్రతి క్రోమోజోము జంటనూ రెండు పక్కల నుంచీ పట్టుకుంటాయి. ఒక్క జంట కొక్కెం పడకపోయినా కణం ముందుకు పోదు, ఆగి ఎదురుచూస్తుంది. అన్నీ పట్టు దొరికాకే లాగుతాయి. చెరి 46 పంచుకుని, మధ్యలో నడుము నొక్కుకుని, రెండు కణాలవుతాయి. ఈ దశల మధ్య తలుపులు తెరిచే, మూసే ప్రోటీన్లను కనిపెట్టినందుకు లీలాండ్ హార్ట్‌వెల్, టిమ్ హంట్, పాల్ నర్స్‌లకు 2001లో వైద్య నోబెల్ ఇచ్చారు. ఇవాళ రొమ్ము క్యాన్సర్‌కు వాడే కొన్ని కొత్త మాత్రలు సరిగ్గా ఆ తలుపుల మీదే పనిచేస్తాయి.

ఇంత పని చేతనైన కణం కూడా తనంతట తాను మొదలుపెట్టదు. చుట్టూ ఉన్న కణాల నుంచి, రక్తంలో వచ్చే హార్మోన్ల నుంచి ‘పెరుగు’ అన్న కబురు అందాలి, ‘ఆగు’ అన్న కబురు లేకుండా ఉండాలి. ఇది మీ నాన్నగారికి చెబితే వెంటనే పట్టుకుంటారు. పొగాకు మొక్క పూతకు రాగానే తల తుంచుతారు కదా. తుంచిన కొన్నాళ్లకే ఆకు సందుల్లోంచి పిలకలు తన్నుకొస్తాయి, వాటిని గిల్లడం ఇంకో పని. ఆ పిలకల మొగ్గలు అక్కడ కొత్తగా పుట్టినవి కావు, ముందు నుంచీ ఉన్నవే. కొన మొగ్గలో తయారైన ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ వాటిని పెరగనివ్వకుండా ఆపి ఉంచింది. తల పోయింది, ఆ కబురు ఆగింది, కణాలు విభజన మొదలుపెట్టాయి. మన ఒంట్లోనూ అంతే, వేలు తెగితే అంచుల్లోని చర్మకణాలు విభజన చెంది గాయాన్ని పూడుస్తాయి, రెండు అంచులూ కలవగానే ఆగిపోతాయి. క్యాన్సర్ కణం ఆ ఆగడాన్ని పోగొట్టుకున్న కణం.

ఎలా పోగొట్టుకుంటుందంటే నకలు తీయడంలోనే. శరీరం తప్పులు దిద్దుకున్నాక కూడా సుమారు 100 కోట్ల అక్షరాలకు ఒక తప్పు మిగిలిపోతుంది. చాలా తప్పులు ఏ హానీ చేయని చోట పడతాయి. డీఎన్ఏ దెబ్బతింటే విభజనను ఆపే, మరీ పాడైతే కణాన్ని చనిపోయేలా చేసే పీ53 అనే ప్రోటీను కూడా ఉంది. మనుషుల క్యాన్సర్లలో దాదాపు సగంలో ఆ పీ53 జన్యువే చెడిపోయి ఉంటుంది. ‘పెరుగు’ అనే జన్యువు ఆగకుండా మోగుతూ, ‘ఆగు’ అనేది మూగబోయి, మరమ్మతు జన్యువు కూడా చెడి, ఇలా అనేక మార్పులు ఒకే కణంలో ఏళ్ల తరబడి పోగుపడితేనే క్యాన్సర్. వయసు, హార్మోన్లు, వంశం, అన్నిటితో పాటు కేవలం కాకతాళీయం కూడా ఇందులో పెద్ద వాటాదారు. పొగతాగడం, నమలడం నోటికి, గొంతుకు, ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెస్తాయి, అందులో సందేహం లేదు. కానీ షెడ్డులో ఆకు ఏరినందువల్లే మీ అమ్మగారికి రొమ్ములో గడ్డ వచ్చిందని చెప్పే ఆధారం ఏదీ లేదు. ఆ మాట ఆమె ముందు అననివ్వకండి. ఇల్లు గడపడానికి చేసిన కష్టమే తన మీదికి జబ్బు తెచ్చిందని ఒక మనిషి చేత అనుకునేలా చేయడం అన్యాయం.

సూది సంగతి. ఒక సెంటీమీటరు గడ్డలో సుమారు 100 కోట్ల కణాలుంటాయని లెక్క. ఒక్క కణం రెండు, నాలుగు, ఎనిమిది అంటూ అంత కావాలంటే 30 సార్లు రెట్టింపు కావాలి. రొమ్ము గడ్డల్లో ఒక్కో రెట్టింపుకు తరచుగా నెలలే పడుతుంది. అంటే చేతికి తగిలే నాటికి ఆ గడ్డ ఎన్నో ఏళ్ల పాతది. మొన్న గుచ్చిన సూది దాన్ని పుట్టించలేదు, రేపలేదు కూడా. రొమ్ము గడ్డకు సూదిముక్క పరీక్ష చేయించుకున్నందువల్ల జబ్బు ముదిరిందనడానికి ఆధారం లేదు. మరి పల్లెల్లో ఆ మాట ఎందుకు నిలిచిపోయిందంటే, పుండు పడి, చంక ఉబ్బి, ఇక తప్పదన్నప్పుడు ఆస్పత్రికి వచ్చినవాళ్లకు పరీక్ష చేశాక కొద్ది నెలలకే ప్రాణం పోయేది. చుట్టుపక్కలవాళ్లు కళ్లారా చూసింది సూదినీ, ఆ తర్వాత చావునూ. పెద్దమ్మగారితో వాదించకండి, ఇది నెమ్మదిగా చెప్పండి. రిపోర్టు లేకుండా ఏ మందు ఇవ్వాలో దేవుడు కూడా చెప్పలేడు.

వేలం దాకా ఆగుదామన్న మీ నాన్నగారి మాటకు మాత్రం గట్టిగా అడ్డుపడండి. పైన చెప్పిన రెట్టింపు లెక్కనే చూడండి. 30 సార్లు కనపడకుండా జరిగిపోయింది, ఇప్పుడు జరిగే ప్రతి రెట్టింపూ పెద్దది. 100 కోట్లు 200 కోట్లు కావడానికి, ఒకటి రెండు కావడానికి పట్టినంత కాలమే చాలు. పైగా కేఐ-67 40 శాతం ఉన్న గడ్డ నిదానంగా పెరిగే రకం కాదు. ఒకటి రెండు వారాలు పరీక్షలకు పట్టడం మామూలే, దానికి కంగారు పడొద్దు. సీజన్ అంతా ఆగడం వేరు. డబ్బుల విషయంలో, డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ కింద క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఉన్నాయి. అనుబంధ ఆస్పత్రిలో ఆ పథకం కౌంటర్ దగ్గర కార్డు చూపించి అడగండి. మన వైపు వాళ్లకు మద్రాసు అలవాటైన దారి. అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954లో ముత్తులక్ష్మీరెడ్డి పెట్టినప్పటి నుంచీ పేదలకు అండగా ఉంది. అయితే రాష్ట్రం దాటితే కార్డు ఎక్కడ చెల్లుతుందో రైలెక్కే ముందే కనుక్కోండి. దగ్గర్లో మొదలుపెట్టగలిగితే దగ్గర్లోనే మొదలుపెట్టండి. కీమో అంటే ఒకసారి పోయి వచ్చేది కాదు, నెలల పాటు తిరగాలి.

ఇప్పుడు అమ్మగారి భయం. విభజన చెందుతున్న కణాన్నే దెబ్బతీయడం అనే ఆలోచన మనకు దూరమైనదేమీ కాదు. కణం డీఎన్ఏ అక్షరాలు తయారు చేసుకోవాలంటే ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ కావాలి. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో ఫోలిక్ యాసిడ్‌లా కనబడి దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను తయారు చేయించారు. దాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఇస్తే, అప్పటిదాకా ఏ మందూ పనిచేయని ఆ పిల్లల్లో కొందరు తాత్కాలికంగానైనా కోలుకున్నారు. ఆ ఫలితాలు వెలువడిన 1948లోనే సుబ్బారావు కన్నుమూశారు. ఆ మందుకు తమ్ముడివంటి మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ప్రతి క్యాన్సర్ ఆస్పత్రిలో ఉంది.

మీ అమ్మగారికి ఇచ్చే మందులు ఏవో డాక్టర్ నిర్ణయిస్తారు. ఇలాంటి జబ్బుకు తరచుగా వాడేవి మూడు. సైక్లోఫాస్ఫమైడ్ డీఎన్ఏ రెండు పేటలనూ ఒకదానికొకటి అతికించేస్తుంది, నకలు తీయడం కుదరదు. డాక్సోరూబిసిన్ ఆ పేటల మధ్య దూరి పని ఆపేస్తుంది. ఇది ఎర్రటి మందు, ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది, రక్తం కాదు, భయపడొద్దని ముందే చెప్పి ఉంచండి. పాక్లిటాక్సెల్ చీలిక గంటలో వచ్చే కండె పోగుల్ని బిగదీసేస్తుంది, క్రోమోజోములు వరుసకట్టి అక్కడే ఇరుక్కుపోతాయి, కణం చనిపోతుంది. విభజన పనిలో ఎన్ని ఎక్కువ కణాలుంటే దెబ్బ అన్నిటికి తగులుతుంది. గ్రేడ్ 3 గడ్డలు కీమోకు గ్రేడ్ 1 కన్నా బాగా కరుగుతాయనడానికి కారణం ఇదే. ఇంట్లో ఎవరూ చూడనిది ఈ కోణం. ముందే కీమో ఇస్తే గడ్డ చిన్నదై ఆపరేషన్ తేలికవుతుంది, మందు పనిచేస్తోందో లేదో కళ్లముందే తెలుస్తుంది.

ఇందాక చెప్పిన 60 కణాలు గుర్తున్నాయా? మొదటి విడతలో అవి చాలావరకు తప్పించుకుంటాయి. రెండు మూడు వారాల్లో వాటిలో కొన్ని విభజనకు దిగుతాయి, రెండో విడత వాటిని పట్టుకుంటుంది. అందుకే కీమో విడతలు విడతలుగా ఇస్తారు. ఆ మధ్య వ్యవధిలో మూలుగ కోలుకుంటుంది. ఒక విడత అయ్యాక ‘తగ్గిపోయింది, ఇంక చాల్లే’ అని మానేస్తే ఆ నిద్రలో ఉన్నవన్నీ మిగిలిపోతాయి.

మందుకు క్యాన్సర్ కణం ఏదో, వెంట్రుక కుదురులోని కణం ఏదో తెలియదు. విభజనలో ఉన్నదాన్ని పట్టుకుంటుంది. తల మీద వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుందంటే కుదురులో కణాలు అంత జోరుగా విభజన చెందబట్టే. మొదటి విడత తర్వాత రెండు మూడు వారాలకు జుట్టు రాలుతుంది. నోట్లో పుండ్లు, విరేచనాలు, తెల్లకణాలు తగ్గడం, అన్నిటికీ ఇదే కారణం. కానీ కుదురు పక్కనే మూలకణాలు కొన్ని ఉంటాయి, అవి ఎక్కువకాలం విభజన లేకుండా విశ్రాంతిగా ఉంటాయి కాబట్టి మందు వాటి జోలికి పెద్దగా పోదు. కీమో అయిపోయిన కొన్ని నెలల్లో వాటి నుంచే మళ్లీ జుట్టు వస్తుంది, దాదాపు అందరికీ వస్తుంది. మొదట్లో ఉంగరాలు తిరిగి రావచ్చు. అమ్మగారితో ఇలా చెప్పండి: ‘అమ్మా, జుట్టు రాలుతోందంటే పెరిగే కణాలకు మందు తగులుతోందనే, కుదుళ్లు చచ్చిపోయాయని కాదు, సంవత్సరానికల్లా జడ కాకపోయినా ముడి వేసుకునేంత జుట్టుకు దారి పడుతుంది.’ జుట్టు రాలకముందే పొట్టిగా కత్తిరిస్తే గుప్పెళ్లు గుప్పెళ్లుగా ఊడటం చూసే బాధ తగ్గుతుంది. మెత్తటి నూలు గుడ్డ తలకు కట్టుకోవచ్చు. ఇంట్లో ఆడవాళ్లు పక్కన కూర్చుని ఈ పని చేయండి.

తమ్ముడి పసరు విషయం. పెరట్లో పెరిగే బిళ్లగన్నేరు నుంచే విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అనే రెండు గొప్ప క్యాన్సర్ మందులు వచ్చాయి, అవి కూడా కండె పోగుల మీదే పనిచేస్తాయి. మొక్కల్లో మందు లేదని నేను అనను. కానీ ఆ మందులు అతికొద్ది మోతాదులో, శుద్ధి చేసి, రక్తపరీక్ష చూసి నరంలోకి ఎక్కించేవి. అదే ఆకు నూరి తాగిస్తే ఎంత లోపలికి పోయిందో ఎవరికీ తెలియదు, నరాలకు, మూలుగకు విషమవుతుంది. కీమో నడుస్తున్నప్పుడు ఏ పసరూ వద్దు. కాలేయం ఆ మందుల్ని వదిలించుకోవడానికే శ్రమపడుతుంటుంది.

ఇంటికి ఒక జ్వరం కొలిచే థర్మామీటర్ కొనండి. విడత అయిన వారం నుంచి రెండు వారాల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో 100.4 డిగ్రీల జ్వరం దాటితే, అది అర్ధరాత్రి అయినా సరే, వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు, తెల్లకణాలు లేని ఒంట్లో ఇన్‌ఫెక్షన్ గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. కీమో కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది ఈ నిర్లక్ష్యమే. పచ్చి కూరలు, నిలవ ఉన్న అన్నం ఆ రోజుల్లో పెట్టకండి. గుడ్డు, పప్పు, చేప బాగా ఉడికించి పెట్టండి, పథ్యం పేరుతో ఆమె కడుపు మాడ్చకండి. కొత్త రక్తకణాలు పుట్టాలంటే తిండి కావాలి.

డాక్టర్‌ను అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షల ఫలితం ఏమిటి? ఈఆర్, పీఆర్ అంటే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ అనే ఆడ హార్మోన్ల కబురు అందుకునే ప్రోటీన్లు, హెర్2 కూడా ‘పెరుగు’ అన్న కబురు అందించే ఇంకో ప్రోటీను. ఆ ముక్కలోనే అవి చూస్తారు. ఈ కణాలు ఏ కబురు విని పెరుగుతున్నాయో అవి చెబుతాయి. ఈస్ట్రోజెన్ కబురు విని పెరిగేవైతే దాన్ని అడ్డుకునే టామాక్సిఫెన్ లాంటి మాత్రలు ఏళ్ల తరబడి వాడతారు. హెర్2 ఎక్కువగా ఉంటే దానికి ప్రత్యేకమైన ఇంజక్షన్లున్నాయి. ఏదీ లేకపోతే కీమో మీదే ఎక్కువ ఆధారపడాలి. ఈ మూడు తెలియకుండా ‘ఇంక లాభం లేదు’ అని గానీ ‘ఏం ఫర్వాలేదు’ అని గానీ ఎవరు చెప్పినా నమ్మకండి.

మీరు అడగలేదు గానీ మీ గురించి కూడా చెప్పాలి. డీఎన్ఏ మరమ్మతు చేసే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువుల్లో లోపం కొన్ని కుటుంబాల్లో తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుంది. రొమ్ము క్యాన్సర్లలో అలా వచ్చేవి కొద్ది భాగమే. అయితే మీ అమ్మగారికి 50 లోపే వచ్చింది కాబట్టి, జన్యుపరీక్ష అవసరమా అని డాక్టర్‌ను అడగండి. అమ్మమ్మ వైపు, తాతయ్య వైపు ఎవరికైనా రొమ్ము, అండాశయ క్యాన్సర్ వచ్చిందేమో పెద్దవాళ్లను కనుక్కుని రాసుకెళ్లండి. పరీక్ష ముందు అమ్మగారికే చేయాలి, మీకు కాదు. ఆమెలో లోపం కనబడితేనే మీకూ, మీ తమ్ముడికీ చేయించాల్సి వస్తుంది. అది మగపిల్లలకూ సంక్రమిస్తుంది, వాళ్ల నుంచి వాళ్ల కూతుళ్లకూ వెళ్తుంది.